కీబోర్డు స్టాండు, స్టేజీ మానిటరు: రెండింటినీ ఒకే కొలతతో తయారు చేసుకోవడం ఎలా

పెళ్లి రిసెప్షన్లలోనూ, చర్చి ఆరాధనల్లోనూ, ఊరి ఉత్సవాల్లోనూ కీబోర్డు వాయించేవారిలో చాలామంది స్టాండును తామే కొనుక్కుంటారు, మానిటరును, అంటే వేదిక మీద వాయించేవారికి తమ శబ్దం, తోటివారి శబ్దం వినిపించే స్పీకరును మాత్రం సౌండ్ సిస్టమ్ వారికి వదిలేస్తారు. స్టాండు చేతులకు సంబంధించినదనీ, మానిటరు చెవులకు సంబంధించినదనీ, ఒకదానితో మరొకదానికి పని లేదనీ అనుకోవడమే దీనికి కారణం. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒక రిసెప్షన్‌లో రెండంతస్తుల స్టాండు మీద వాయిస్తుండగా మానిటరును స్టాండుకు సరిగ్గా ఎదురుగా నేల మీద పెట్టారు. గాయని తర్వాతి పాటను అర స్వరం తగ్గించి పాడతానన్నారు. నేను కీబోర్డు శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజు బటన్ నొక్కాను, అది సరిగా పడలేదు. పల్లవి సగం దాటేదాకా, గాయని నా వైపు తిరిగి చూసేదాకా, శ్రుతి కలవడం లేదని నాకు తెలియలేదు. మానిటరులో లోపం లేదు, శబ్దమూ తక్కువ లేదు. పై అంతస్తులోని కీబోర్డు అడుగు భాగం ఆ స్పీకరుకూ నా చెవికీ మధ్య గోడలా నిలిచింది, గొంతులోని స్పష్టత అంతా అక్కడే ఆగిపోయి బేస్ మోత మాత్రమే నాదాకా వచ్చింది.

అందువల్ల ఈ వ్యాసంలో స్టాండు తయారీని, మానిటరు అమరికను ఒకే పనిగా తీసుకుని వరుసగా వివరిస్తాను. ఉదాహరణకు కింద 88 మీటల కీబోర్డు, పైన 61 మీటల కీబోర్డు పెట్టుకుని నిలబడి వాయించే వ్యక్తిని తీసుకున్నాను. మీ వాద్యాలు వేరైతే అంకెలు మారతాయి గానీ పద్ధతి మారదు.

ముందుగా శరీరాన్ని కొలవండి

స్టేజీ మీద వేసుకునే చెప్పులు లేదా బూట్లు వేసుకుని, భుజాలు వదులుగా ఉంచి, మోచేతిని లంబకోణంలో వంచి నిలబడండి. నేల నుంచి మోచేతి అడుగు వరకు మరొకరిచేత కొలిపించండి. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఇది సుమారు 107 సెంటీమీటర్లు వస్తుంది. మీరు ఎక్కువసేపు వాయించే కీబోర్డు మీటల పైభాగం ఈ కొలతకు నాలుగు నుంచి పది సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. మీటలు మోచేతికంటే పైకి పోతే మణికట్టు వెనక్కి వంగుతుంది, మరీ కిందికి దిగితే నడుము వంగుతుంది. మూడు గంటల కార్యక్రమంలో ఈ రెండింటిలో ఏదైనా నొప్పిగా మారకుండా ఉండదు. కూర్చుని వాయించేవారైతే మీటల ఎత్తు నేల నుంచి 72 లేదా 73 సెంటీమీటర్లు ఉంచుకోవచ్చు, పియానోలు సాధారణంగా ఆ ఎత్తులోనే ఉంటాయి. అయితే అప్పుడు మోకాళ్లకు చోటు ఉండేలా స్టాండు ముందు భాగాన్ని ఖాళీగా వదలాలి.

తర్వాత కీబోర్డులను కొలవండి. పొడవు, లోతు, ఎత్తులతో పాటు అడుగు భాగం నుంచి మీట పైభాగం వరకు ఎంతుందో విడిగా రాసుకోవాలి, ఎందుకంటే స్టాండు చేయి (కీబోర్డును మోసే పైపు) ఎక్కడ ఉండాలో తేల్చేది ఆ కొలతే. అది 10 సెంటీమీటర్లయి, మీటలు నేల నుంచి 98 సెంటీమీటర్ల ఎత్తున కావాలనుకుంటే, కింది చేయి 88 సెంటీమీటర్ల దగ్గర రావాలి. బరువును కంపెనీ మాన్యువల్ నుంచి తీసుకోండి. యమహా పి-45 బరువు 11.5 కిలోలు, యమహా మోడ్‌ఎక్స్8 బరువు 13.8 కిలోలు, మన దగ్గర చాలామంది వాడే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 సుమారు 4 కిలోలు మాత్రమే. బరువైనది ఎప్పుడూ కిందే ఉండాలి. ఆ తర్వాత కీబోర్డును మెత్తటి దుప్పటి మీద బోర్లించి అడుగు చూడండి. కొన్నింటికి స్పీకర్లు అడుగునే ఉంటాయి, కొన్నింటికి మధ్య భాగం పలుచగా ఉండి నొక్కితే వంగుతుంది. రబ్బరు కాళ్లు, మరలు, గట్టి పట్టీలు ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకుని, స్టాండు చేతులు ఆ గట్టి చోట్ల కిందికే వచ్చేలా చూసుకోవాలి. సాధారణంగా రెండు చివరల నుంచీ కీబోర్డు పొడవులో ఐదో వంతు లోపలికి ఆధారం ఇస్తే మధ్యలో కుంగదు. 133 సెంటీమీటర్ల పొడవుండే 88 మీటల కీబోర్డుకు రెండు చేతుల మధ్య దూరం 80 సెంటీమీటర్లు సరిపోతుంది, ఒక మీటరు పొడవుండే పై కీబోర్డుకు కూడా అదే దూరం పనికొస్తుంది.

రెండు అంతస్తుల మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది చాలామంది తప్పుగా లెక్కపెట్టే విషయం. చేతులు దూరడానికి చోటుంటే చాలదు, కింది కీబోర్డు ప్యానెల్ మీది డిస్‌ప్లే, బటన్లు నిలబడి చూసినప్పుడు కనిపించాలి. కింది చేయికీ పై చేయికీ మధ్య 25 సెంటీమీటర్లు ఉంచి, పై కీబోర్డును కొంత వెనక్కి జరిపి, మీ వైపు 10 డిగ్రీలు వాల్చితే చాలావరకు కుదురుతుంది.

ఈ కొలతలను వెంటనే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లవద్దు. ఇంట్లో టేబులు, పుస్తకాల దొంతర, చెక్క పలకలతో అదే ఎత్తు కట్టి, దాని మీద కనీసం 40 నిమిషాలు మీరు స్టేజీ మీద వాయించే పాటలే వాయించండి. అయిదు నిమిషాల్లో బాగున్న ఎత్తు అరగంట తర్వాత భుజాన్ని పట్టేయవచ్చు. నా మొదటి లెక్కకూ, ఈ పరీక్ష తర్వాత ఖాయం చేసుకున్న ఎత్తుకూ మధ్య నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చింది.

పైపు ఎంపిక

ఇనుప చదరపు పైపులో 25 మిల్లీమీటర్ల కొలత, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్నది ఈ పనికి తగినది. మీటరుకు 1.18 కిలోల బరువు తూగుతుంది. అదే కొలతలో 2 మిల్లీమీటర్ల అల్యూమినియం పైపు మీటరుకు అర కిలోనే ఉంటుంది కానీ, దానికి వెల్డింగ్ చేయగలవారు అన్ని చోట్లా దొరకరు, బోల్టు రంధ్రాలు కూడా కాలక్రమంలో సాగుతాయి. మొదటి స్టాండును ఇనుముతోనే చేయించుకోమని నా సలహా. హైదరాబాద్‌లో రాణిగంజ్, బాలానగర్ ప్రాంతాల్లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ పైపులు, బోల్టులు, పని చేసిపెట్టేవారు దగ్గర దగ్గరగా దొరుకుతారు. చిన్న ఊళ్లలో కిటికీ గ్రిల్స్ చేసే షాపు ఏదైనా ఈ పని చేయగలదు, కొలతలతో బొమ్మ గీసి ఇస్తే చాలు.

మనం చేసే స్టాండులో రెండు పక్క ఫ్రేములు, వాటిని కలిపే రెండు అడ్డ కమ్మీలు ఉంటాయి. ఒక్కో ఫ్రేములో నేల మీద ముందు వెనకలకు పరిచే పాదం 55 సెంటీమీటర్లు, దాని మీద నిలిచే నిలువు పైపు 120 సెంటీమీటర్లు, ఆ నిలువు నుంచి ముందుకు వచ్చే కింది చేయి 32, పై చేయి 34 సెంటీమీటర్లు. అడ్డ కమ్మీలు ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు. అన్నీ కలిపితే 6.4 మీటర్లు అవుతుంది. పైపులు 20 అడుగుల పొడవున వస్తాయి కాబట్టి ఒకటి కొద్దిలో సరిపోదు, మరో చిన్న ముక్క అడిగి తీసుకోవాలి. వీటితోపాటు 30 మిల్లీమీటర్ల కొలత, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు ముక్క ఒక మీటరు చాలు. దీని లోపలి ఖాళీ 26 మిల్లీమీటర్లు కాబట్టి 25 పైపు మీద తొడుగులా జారుతుంది. అయితే ఈ పైపుల లోపల పొడవునా అతుకు గీత ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని ఆకురాయితో రుద్ది తీసేయకపోతే తొడుగు ఎక్కదు. కొనేటప్పుడే రెండు ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి చూసుకోవడం మంచిది.

ఫ్రేము కట్టడం

పాదం వెనక చివర నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర, 15 సెంటీమీటర్ల ఎత్తున్న 30 పైపు ముక్కను నిటారుగా వెల్డింగ్ చేయించండి. నిలువు పైపు దానిలోకి దిగి రెండు బోల్టులతో నిలుస్తుంది. స్టాండు మొత్తంలో ఎక్కువ ఒత్తిడి పడే అతుకు ఇదే కనుక, ముందు వైపు 3 మిల్లీమీటర్ల రేకుతో త్రికోణాకారపు ఆధారం తప్పకుండా వేయించాలి. పాదం ఇలా అమరినప్పుడు నిలువు పైపుకు ముందు 40 సెంటీమీటర్ల పాదం మిగులుతుంది. స్టాండు బోర్లా పడదని నమ్మకం కుదరాలంటే ఒక దారానికి నట్టు కట్టి, పై కీబోర్డు ముందు అంచు నుంచి వేలాడదీయండి. ఆ నట్టు పాదం ముందు చివరకు లోపలే పడాలి. అలా పడితే ఆ అంచు మీద చేయి వేసి కిందికి ఎంత బలంగా నొక్కినా స్టాండు మీ మీదికి ఒరగదు. బయట పడితే పాదాన్ని పొడిగించాలి లేదా పై చేతిని వెనక్కి జరపాలి, మధ్యేమార్గం లేదు.

చేతులను నేరుగా నిలువు పైపుకు వెల్డింగ్ చేయించవద్దు. 10 సెంటీమీటర్ల తొడుగు ముక్కకు ఒక్కో చేయిని వెల్డింగ్ చేయించి, కింద త్రికోణపు రేకు వేయించి, ఆ తొడుగును నిలువు మీదికి జారేలా చేసుకోండి. నిలువు పైపు పై సగంలో 25 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున 8.5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయిస్తే, ఎం8 బోల్టును తొడుగులో నుంచీ నిలువులో నుంచీ పూర్తిగా అటువైపుకు పంపి నట్టు బిగించవచ్చు. బజారులో దొరికే చాలా స్టాండులు మరను బిగించిన ఒరిపిడి మీదనే బరువును నిలబెడతాయి, మర వదులైతే అంతస్తు జారిపోతుంది. ఇక్కడ బరువు బోల్టు కాడ మీద నిలుస్తుంది కనుక నట్టు వదులైనా కీబోర్డు పడదు. ఇంత శ్రమపడి సొంతంగా చేయించుకోవడానికి ఇది ఒక్కటే కారణం చూపమన్నా నేను చాలునంటాను. బోల్టు మరీ బిగిస్తే పలుచని పైపు గోడ లోపలికి నొక్కుకుపోతుంది. రెండు వైపులా వెడల్పాటి వాషర్లు వేసి, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి తేలిగ్గా వదులవని నట్టు) వాడి, చేయి ఆడకుండా ఉన్నంతవరకే బిగించండి.

పక్కలకు ఊగడం మరో సమస్య. అడ్డ కమ్మీని ఒక్కో చివర ఒకే బోల్టుతో బిగిస్తే ఫ్రేము పక్కకు వాలిపోతూ ఉంటుంది. కమ్మీ చివరలకు 10 సెంటీమీటర్ల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని నిలువుగా వెల్డింగ్ చేయించి, ఒక్కో పట్టీకి ఒకదాని కింద ఒకటి రెండు బోల్టులు వేయండి. ఒక కమ్మీ నేల నుంచి 20, రెండోది 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. రెండు నిలువుల మధ్య వెనక వైపు ఐమూలగా ఒక ఇనుప పట్టీని కూడా బిగిస్తే, హుషారైన మాస్ పాటకు రెండు చేతులతో కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) కొట్టినా స్టాండు కదలదు.

చేతుల ముందు చివరన 3 సెంటీమీటర్ల అడ్డుపట్టీ ఉండాలి. వాల్చిన పై అంతస్తుకు ఇది లేకపోతే కీబోర్డు కొద్దికొద్దిగా మీ వైపు జారుతుంది. చేతుల మీద ఈవీఏ ఫోమ్ లేదా ఫెల్టు పట్టీ అంటించండి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు పట్టు బాగానే ఇస్తాయి గానీ, కొన్ని రకాల రబ్బరు ప్లాస్టిక్ మీద రోజుల తరబడి ఆని ఉంటే మచ్చ పడుతుంది.

వెల్డింగ్ దగ్గర మీరూ నిలబడండి

1.6 మిల్లీమీటర్ల పైపుకు ఎక్కువ కరెంటు పెడితే రాడ్ చిల్లి పెట్టేస్తుంది. సీఓటూ వెల్డింగ్ ఉన్న షాపు దొరికితే అతుకు శుభ్రంగా వస్తుంది. మామూలు ఆర్క్ వెల్డింగ్ అయితే సన్న రాడ్, తక్కువ కరెంటు వాడమని అడగండి. ఏ అతుకునైనా ముందు చిన్న చుక్కలుగా మాత్రమే పట్టించి, మూలమట్టం పెట్టి చూసి, రెండు పక్క ఫ్రేములనూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి సరిపోల్చాకే పూర్తి అతుకు వేయించాలి. వేడికి లోహం ఒక వైపు లాగుతుంది, నిండుగా వేశాక దాన్ని సరిచేయడం కష్టం. రెండు ఫ్రేముల మధ్య మూడు మిల్లీమీటర్ల తేడా ఉన్నా కీబోర్డు మూడు చోట్లే ఆని నాలుగో చోట గాలిలో ఉంటుంది, వాయిస్తుంటే టకటకమని చప్పుడు చేస్తుంది.

రంగు వేయించే ముందే బరువు పరీక్ష చేయండి. రెండు కింది చేతుల మీద గట్టి చెక్క పలక పరిచి, దాని మీద 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పెట్టి రాత్రంతా వదిలేయండి. నలభై కిలోల పైచిలుకు బరువది, మీ కీబోర్డుకు మూడింతలు. పొద్దున చేతుల ఎత్తును మళ్లీ కొలిచి, అతుకుల దగ్గర వెంట్రుకంత గీత ఏమైనా కనిపిస్తోందేమో టార్చి వేసి చూడండి. పై చేతులకు ఒక క్యాను చాలు. ఈ పరీక్ష నెగ్గిన తర్వాతే నల్లటి మ్యాట్ పౌడర్ కోటింగ్ వేయించండి. దాని పొర తొడుగుల లోపలా, నిలువుల పైనా పడి ఖాళీని తగ్గిస్తుంది కనుక తొడుగుల లోపలి భాగాన్ని మూసి ఉంచమని చెప్పాలి. రెడ్ ఆక్సైడు మీద నల్ల ఎనామిల్ వేసుకున్నా పనికి లోటుండదు.

పాదాల కింద నాలుగు ఎత్తు సవరించుకునే మర కాళ్లు బిగించండి. మన వేదికలు ఎక్కువగా ఇనుప ఫ్రేముల మీద ప్లైవుడ్ షీట్లు పరిచి, పైన ఎర్ర కార్పెట్ కప్పినవి. షీట్ల మధ్య సందులు కార్పెట్ కింద కనిపించవు. ఆరు సెంటీమీటర్ల చదరపు రేకు బిళ్లలు నాలుగు వెంట ఉంచుకుని కాళ్ల కింద వేస్తే సందులో దిగబడే ప్రమాదం తప్పుతుంది. స్టాండు పెట్టే చోట ముందు మీరు నిలబడి గట్టిగా గెంతి చూడండి.

దారంతో మానిటరు చోటు నిర్ణయించడం

ఇప్పుడు స్టాండును ఇంట్లో పూర్తిగా బిగించి, కీబోర్డులు పెట్టి, మీరు వాయించే చోట నిలబడండి. నట్టు కట్టిన ఆ దారమే మళ్లీ కావాలి. ఒక చివరను స్పీకరులో ఎక్కువ పౌనఃపున్యపు శబ్దం వెలువడే హారన్ మధ్య భాగానికి అంటించి, రెండో చివరను మీ చెవి దగ్గర పట్టుకుని బిగుతుగా లాగండి. దారం దారిలో ఏ కీబోర్డుకైనా తగిలితే, ఆ చోట మానిటరు పెట్టకూడదు. తక్కువ పౌనఃపున్యపు శబ్దం అడ్డంకిని చుట్టి వస్తుంది, ఎక్కువ పౌనఃపున్యపు శబ్దం రాదు. పదాల ఉచ్చారణ, తబలా అంచు మీది చాటీ దెబ్బ, హైహ్యాట్, శ్రుతి తేడాను పట్టిచ్చే పై స్వరాంశాలు అన్నీ ఆ ఎక్కువ పౌనఃపున్యాల్లోనే ఉంటాయి. రెండంతస్తుల స్టాండుకు ఎదురుగా నేల మీద పెట్టిన ఏ మానిటరూ ఈ దారం పరీక్షలో నెగ్గడం నేను చూడలేదు.

మంచి చోటు పక్కన ఉంటుంది. మీ ఎదురు దిశ నుంచి 50, 60 డిగ్రీలు పక్కకు, 1.2 మీటర్ల దూరంలో, చిన్న స్పీకరును స్టాండు మీద చెవి ఎత్తున పెట్టడం అన్నిటికంటే మేలు. నేల మీది మానిటరే దొరికితే అదే పక్కన పెట్టి, హారన్ చెవి వైపు చూసేలా వెనక్కి వాల్చండి. నిలబడిన మనిషి చెవి 1.6 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక 1.2 మీటర్ల దూరం నుంచి అది 50 డిగ్రీలకు కాస్త పైబడిన వాలు అవుతుంది, చాలా మానిటర్ల వాలు ఇంత ఉండదు. అప్పుడు ముందు భాగం కింద చెక్క ముక్క పెట్టాలి, లేదా మానిటరును కొంత దూరం జరపాలి. తెరిచిన చోట దూరం సగమైతే శబ్దం 6 డెసిబెళ్లు పెరుగుతుంది కాబట్టి, దూరాన పెద్ద స్పీకరు కంటే దగ్గర చిన్న స్పీకరే నయం. మిగతా మైకుల్లోకి చేరే శబ్దం కూడా తగ్గుతుంది. స్పీకరును కీబోర్డు స్టాండుకే బిగిద్దామన్న ఆలోచన వస్తుంది, వద్దు. ప్రతి బేస్ స్వరానికీ ఇనుమంతా అదురుతుంది.

మీరు పాడేవారైతే మైకు రకం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. షూర్ ఎస్‌ఎం58 వంటి కార్డియాయిడ్ మైకు తన వెనక నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తిరస్కరిస్తుంది, అంటే మానిటరు సరిగ్గా ఎదురుగా ఉండాలని కోరుతుంది. ఆ చోట మన కీబోర్డులు ఉన్నాయి. షూర్ బీటా 58ఏ వంటి సూపర్ కార్డియాయిడ్ మైకు తన ముఖం నుంచి సుమారు 125 డిగ్రీల దగ్గర, అంటే వెనక రెండు పక్కల నుంచి వచ్చేదాన్ని ఎక్కువగా తిరస్కరిస్తుంది. పక్కన పెట్టిన మానిటరుకు అది చక్కగా సరిపోతుంది, కీచుమని కూత పెట్టకుండా మరింత పెంచుకునే వీలిస్తుంది.

చెవిలో పెట్టుకునే మానిటరు, చిన్న మిక్సరు

కీబోర్డు వాయించేవారు వేదిక మీద తిరగరు. గాయకులకు ఖరీదైన వైర్‌లెస్ సెట్టు అవసరం కావచ్చు గానీ, మీకు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను, బెహ్రింజర్ పీ2 వంటి చిన్న వైరు యాంప్లిఫయరు సరిపోతాయి. చెవికి గట్టిగా పట్టే ఫోమ్ టిప్స్ వాడాలి. పట్టు సరిగా లేకపోతే బేస్ వినిపించదు, దానికోసం శబ్దం పెంచుతారు. ఒక చెవిది తీసేసి వాయించడం చాలామందికి అలవాటు. అలా చేసినప్పుడు మిగిలిన చెవిలో తెలియకుండానే శబ్దం ఎక్కువ పెట్టుకుంటాం. పక్కవారి మాట, ప్రేక్షకుల స్పందన వినాలంటే వేదిక అంచున ఒక మైకు పెట్టించి ఆ శబ్దాన్ని కొద్దిగా కలపమని అడగడం సరైన మార్గం.

నేను వాడే అమరికలో స్టాండు పై అడ్డ కమ్మీ మీద చిన్న పలక బిగించి దాని మీద ఆరు ఛానళ్ల మిక్సరు ఉంటుంది. రెండు కీబోర్డులూ దానిలోకి వెళ్తాయి. దాని మెయిన్ అవుట్ నుంచి డీఐ బాక్సు (వాద్యం శబ్దాన్ని పొడవైన కేబుల్‌కు తగినట్లు మార్చే చిన్న పెట్టె) ద్వారా హాలు సౌండ్ నడిపే పెద్ద మిక్సరుకు శబ్దం వెళ్తుంది. పెద్ద మిక్సరు నుంచి గాయకులు, తబలా, డ్రమ్స్, బేస్ మాత్రమే ఉన్న మానిటరు లైను తిరిగి నా దగ్గరికి వస్తుంది. దాన్ని హెడ్‌ఫోనుకు మాత్రమే పోయే టేపు ఇన్ సాకెట్లోకి ఇవ్వాలి. మామూలు ఛానల్లోకి ఇస్తే అది మెయిన్ అవుట్ ద్వారా మళ్లీ పెద్ద మిక్సరుకు చేరి, అక్కడి నుంచి మళ్లీ మీకు వచ్చి, క్షణంలో హాలంతా కూత పెడుతుంది. ఈ ఒక్క విషయం జాగ్రత్తగా చూసుకుంటే కార్యక్రమం మధ్యలో నా శబ్దం పెంచమని సౌండ్ నడిపేవారికి సైగలు చేసే అవసరం ఉండదు. వారిని ఒకటి మాత్రం ముందే కోరండి: మీకు వచ్చే లైను ప్రీ-ఫేడర్ కావాలి, లేకపోతే హాలు కోసం వారు గాయకుల శబ్దం తగ్గించినప్పుడల్లా మీ చెవిలోనూ తగ్గిపోతుంది.

హాలుకు మోనో లైను ఒకటే ఇస్తున్నట్లయితే కీబోర్డు ఎడమ జాక్ మాత్రమే వాడండి, చాలా కీబోర్డుల మీద ఎల్/మోనో అని రాసి ఉండేది అదే. రెండు జాక్‌లనూ కలిపి మోనో చేస్తే స్టీరియోలో తయారైన పియానో, స్ట్రింగ్స్ శబ్దాల్లో కొంత భాగం ఒకదాన్నొకటి రద్దు చేసుకుని పలుచబడిపోతాయి.

శబ్దం ఎంత పెట్టుకోవాలన్నది చెవుల ఆయుష్షుకు సంబంధించినది. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలే హద్దని చెబుతుంది. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది: 94 డెసిబెళ్లకు ఒక గంట, 100 డెసిబెళ్లకు పావుగంట. డోలు, నాదస్వరం పక్కనే మోగే వేదిక మీద ఆ హద్దు దాటడం ఎంతో సులువు. కార్యక్రమం అయ్యాక చెవిలో గుయ్యిమంటూ ఉంటే మానిటరు స్థాయి ఎక్కువైందనే అర్థం.

కరెంటు, కేబుళ్లు

కీబోర్డుల అడాప్టర్లు, మిక్సరు, ఇయర్‌ఫోను యాంప్లిఫయరు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోవాలి, ఆ బోర్డు కూడా వీలైతే పెద్ద మిక్సరుకు కరెంటు వచ్చే చోటు నుంచే రావాలి. వేర్వేరు చోట్ల నుంచి వస్తే ఎర్తుల మధ్య తేడా వల్ల 50 హెర్ట్జ్ హమ్ మోత మొదలవుతుంది. దాన్ని ఆపడానికి డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది. కొందరు ప్లగ్గు ఎర్తు పిన్ను తీసేస్తారు, ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయవద్దు. మీ రెండు చేతులు ఇనుప స్టాండు మీద, పెదవులు మైకు మీద ఉంటాయి. జనరేటరు మీద నడిచే వేదికల్లో, కనెక్ట్ చేసే ముందే ఎలక్ట్రీషియన్ చేత 230 వోల్టులు నిలకడగా ఉందా, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి తేడా ఉందా అని మీటరు పెట్టి చూపించుకోండి.

స్టాండులో కరెంటు వైర్లన్నీ ఒక నిలువు వెంట, ఆడియో కేబుళ్లన్నీ రెండో నిలువు వెంట కట్టండి. అడాప్టర్లు గాలిలో వేలాడకుండా కింది అడ్డ కమ్మీకి వెల్క్రో పట్టీలతో బిగించాలి. కీబోర్డు జాక్ నుంచి వచ్చే కేబుల్ ఐదారు మీటర్లకు మించకూడదు, అంతకంటే దూరమైతే డీఐ బాక్సును స్టాండు దగ్గరికే తెచ్చుకోండి. సస్టెయిన్ పెడల్ కార్పెట్ మీద జారిపోతుంటుంది కనుక రెండు పాదాల మధ్య ఒక ప్లైవుడ్ పలక వేసి, పెడల్‌ను వెల్క్రోతో దానికి అంటించండి. మీరు పలక మీదే నిలబడతారు కాబట్టి అది కదలదు.

మొదటి కార్యక్రమానికి ముందు ఇంట్లో రెండు మూడు సార్లు మొత్తం విప్పి బిగించి సమయం చూసుకోండి. ఎత్తు ఖాయమైన రంధ్రాల చుట్టూ తెల్ల పెయింట్ చుక్క పెడితే చీకటి వేదిక మీద కూడా వెతుక్కోనక్కరలేదు. కుడి, ఎడమ ఫ్రేములకు వేర్వేరు రంగు టేపు చుట్టండి. అదనపు ఎం8 బోల్టులు నాలుగు, నైలాక్ నట్లు నాలుగు, 13 నంబరు స్పానర్లు రెండు, దారం కట్టిన ఆ నట్టు ఒక చిన్న గుడ్డ సంచిలో వేసి ఎడమ నిలువుకు కట్టి ఉంచండి. వేదిక మీద స్టాండు నిలబెట్టగానే మొదట రసమట్టంతో సమంగా ఉందో లేదో సరిచూసి, తర్వాత దారంతో మానిటరు చోటు చూసి, ఆ తర్వాతే కీబోర్డులను పెట్టెల్లోంచి తీయండి.